మిట్టీని కూడా ఒక మాట అడగండి

మన ఇళ్లల్లో ప్లాటు కొనేముందు చేసే పూఛ్‌తాఛ్ తక్కువేం కాదు. అజాన్ వినబడేంత దూరంలో మసీదుందా, బోరు నీళ్లు తీపా ఉప్పా, పొరుగువాళ్లు షరీఫులేనా, కాగితాలు సాఫ్‌గా ఉన్నాయా అని నలుగురినీ అడుగుతాం. నక్షా గీయించేటప్పుడు లెట్రిన్ ఖిబ్లా వైపు రాకుండా చూసుకుంటాం. ఇస్తిఖారా నమాజు చదువుకుంటాం. ఇంతా చేసి, ఇల్లు మొత్తం మోయబోయే మిట్టీని మాత్రం ఒక్క మాట అడగం.

స్కూల్లో నేను బునియాద్ అని చదువుకున్నాను, డిగ్రీలో పునాది అని రాశాను. రెండూ ఒకటే మాట. ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో ఇల్లు కట్టుకుంది. మాట ఎంత దూరం నుంచి వచ్చినా, నంద్యాలలో వేసే పునాది మాత్రం నంద్యాల మట్టిని బట్టే ఉండాలి.

మా ఆపా అక్కడ ఇల్లు మొదలుపెట్టినప్పుడు ఇంట్లో బహస్ దీనిమీదే. అది దూల్హాభాయ్ 14 ఏళ్ల కువైట్ కమాయి. "మేస్త్రీ ముప్ఫై ఏళ్లుగా కడుతున్నాడు మియా, ఆయనకు తెలియని మట్టా? పరీక్షలంటూ పైసలెందుకు పారేయడం?" అని ఫోన్లో గట్టిగానే అన్నారు. మేస్త్రీ అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ నాలుగు మీటర్ల కింద ఏముందో ఆయనకు మాత్రం ఎలా కనబడుతుంది? చివరికి ఆపాయే తేల్చేసింది: "ఈ ఇల్లు పగిలితే మళ్లీ కువైట్ పోయే ఉమర్ ఆయనకు లేదు. తవ్వి చూడనీ."

ఆమె భయం ఊరికే పుట్టలేదు. ఆ వీధిలో చాలా ఇళ్లకు కిటికీ మూలల నుంచి ఏటవాలుగా దరార్లు ఉన్నాయి. ఎండల్లో వెడల్పవుతాయి, వానల్లో దగ్గరపడతాయి. సిమెంటు మెత్తితే మళ్లీ ఏడాదికి అక్కడే తేలతాయి. నజర్ తగిలిందన్నవాళ్లూ ఉన్నారు. అసలు సంగతి నల్లరేగడి. అందులోని బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఇంటి నడిమధ్య నేల చెమ్మగానే ఉంటుంది, అంచుల్లో ఎండిపోతుంది. ఒకవైపు లేచి ఒకవైపు దిగితే గోడ ఏం చేస్తుంది, పగులుతుంది.

పరీక్షకు వచ్చినవాళ్లు ప్లాటులో రెండు చోట్ల బోరు వేశారు. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ ఒక గొట్టాన్ని 45 సెంటీమీటర్లు దించుతారు. మొదటి 15 లెక్కలోకి రాదు. మిగతా 30 దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో అదే ఆ లోతులో నేల గట్టిదనానికి గుర్తు. పిల్లలు చుట్టూ చేరి ఏక్, దో, తీన్ అని లెక్కపెట్టారు.

ల్యాబులో చేసే పరీక్ష ఇంకా సాదా. జల్లించిన పొడి మట్టి 10 గ్రాముల చొప్పున రెండు గాజు గొట్టాల్లో వేస్తారు. ఒకదాంట్లో కిరోసిన్, ఇంకోదాంట్లో డిస్టిల్డ్ వాటర్. కిరోసిన్‌లో రేగడి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. ఒక రోజు ఆగి చూస్తే, ఆపా ప్లాటు మట్టి కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్ల దగ్గర ఉంది, నీళ్లలో 18కి ఎక్కింది. అంటే 80 శాతం ఉబ్బు. ఆ ఫొటో పంపాక దూల్హాభాయ్ మళ్లీ పైసల మాట ఎత్తలేదు.

రిపోర్టు చూసి ఇంజినీరు నక్షా మార్చాడు. మామూలు పునాది వద్దని, ఎండావానల ప్రభావం అంతగా చేరని లోతుకు, అడుగున ఉబ్బెత్తుగా వెడల్పయ్యే పైల్స్ దించాడు. అండర్ రీమ్డ్ పైల్స్ అంటారు. రేగడి నేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన పద్ధతి అది. వాటిమీద వేసిన బీము కింద కాస్త ఖాళీ వదిలాడు, మట్టి ఉబ్బినా బీమును ఎత్తకుండా. వుజూ నీళ్లు, బావర్చీఖానా నీళ్లు గోడ పక్కన ఇంకకుండా దూరంగా పంపించి, ఇంటి చుట్టూ గచ్చు చేయించాడు. మూడు బారిషులు దాటాయి, అల్‌హందులిల్లాహ్, గోడ మీద గీత లేదు. ఆ రెండు బోర్లకూ ల్యాబుకూ కలిపి అయిన ఖర్చు, తర్వాత వీధి గేటుకు పెట్టినంత కూడా కాదు.

అందరికీ పైల్సే కావాలని కాదు. రాతినేల దొరికితే మామూలు పునాదే చాలు, డబ్బు మిగులుతుంది. పూడ్చిన కుంట మీద ప్లాటయితే కొనకముందే తెలుస్తుంది. పరీక్ష భయపెట్టడానికి కాదు, ఎంత ఖర్చు పెట్టాలో, ఎక్కడ ఆగాలో చెప్పడానికి.

మన మసీదు కమిటీలకూ ఇదే మాట. మీనార్‌కి, ఫ్యాన్లకి, టైల్స్‌కి పేర్లు చెప్పి మరీ చందా రాయిస్తాం. ఈసారి కొత్త మసీదుకని రసీదు బుక్కు మీ గుమ్మంలోకి వస్తే, మొదటి చందా మట్టి పరీక్షకని రాయించండి. ఆ సవాబు మీద ఎవరి పేరూ చెక్కరు. దానిమీద వందల మంది సజ్దా చేస్తారు.