చిన్నాయన బీడీ

మా నల్లగొండ వైపు ఎవరైనా తిక్కతిక్కగా మాట్లాడితే "వీణ్ని ఎర్రగడ్డకు తోలాలె" అంటారు. నేనూ చాలాసార్లు అన్నాను. మూడేళ్ళ కింద మా చిన్నాయనకి స్కిజోఫ్రీనియా అని తేలాక మళ్ళీ అనలేదు.

చేర్పించింది ఎర్రగడ్డలో కాదు, సిటీలోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. రోజుకి రెండు కట్టల బీడీలు కాల్చే మనిషి జేబులు ఖాళీ చేయించి లోపలికి పంపారు. రెండో రోజు వెళ్తే "ఒక్క బీడీ ఇప్పియ్యి కొడుకా, పాణం గుంజుతున్నది" అన్నాడు. రూలంటే రూలే కదా అని నేనే కసిరాను.

నెలలో బాగయ్యాడు. దేవరకొండ దగ్గర మా ఊరికి తీసుకొచ్చాం. బస్సు దిగగానే మొదట కొన్నది బీడీ కట్టే. రెండు నెలలకి మళ్ళీ ఎవరో పిలుస్తున్నారనడం మొదలైంది. "గోలీలు పారేస్తున్నవా?" అని అందరం తిట్టాం. పాపం, చిన్నమ్మ రోజూ దగ్గరుండి మింగించేది.

తర్వాత చూసిన డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "బీడీలు తాగుతాడా?" పొగలోని రసాయనాల వల్ల లివరు ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందుల్ని తొందరగా ఖర్చు చేసేస్తుందట. బీడీ లేని వార్డులో సరిపోయిన డోసు బీడీ ఉన్న ఇంట్లో చాలదు. మన భాషలో చెప్పాలంటే, టెస్టింగులో పాసై ప్రొడక్షన్‌లో పడిపోయింది. రివర్సు కూడా నిజమే. పొగ ఒక్కసారిగా ఆపేస్తే అదే డోసు ఎక్కువైపోవచ్చు, ముఖ్యంగా క్లోజపిన్‌తో.

ఇక రూలు సంగతి. 2003 పొగాకు చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకొచ్చిన నిబంధనల ప్రకారం ఆస్పత్రిలో పొగ నిషేధం. పెద్ద హోటళ్ళకి స్మోకింగ్ రూమ్ ఉండొచ్చు, ఆస్పత్రికి ఉండకూడదు. ఇంగ్లండులో మానసిక వార్డులకి మిగతావాళ్ళకంటే ఒక ఏడాది ఎక్కువ గడువిచ్చారు, 2008 జులై దాకా. ఇది మా ఇల్లు లాంటిదే అని రాంప్టన్ ఆస్పత్రి రోగులు కోర్టుకెళ్ళి 2009లో అప్పీలులోనూ ఓడిపోయారు.

నిషేధం వద్దని నేననను. తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్ళు మిగతావాళ్ళకంటే 10-20 ఏళ్ళు ముందే పోతున్నారు, అందులో పొగాకు వాటా పెద్దదే. కానీ బోర్డు పెట్టి, జేబులు వెతికితే పని అయిపోయినట్టేనా? పాణం గుంజేవాడికి నికోటిన్ గమ్మో ప్యాచో ఇవ్వాలి కదా (మందుని పాడుచేసేది పొగ, నికోటిన్ కాదు). డిశ్చార్జి కాగితం మీద బీడీ గురించి ఒక్క లైను రాయాలి కదా!

మీ ఇంట్లో ఎవరైనా ఈ మందులు వాడుతుంటే, పొగ మానినా మొదలుపెట్టినా డాక్టరుకి చెప్పండి. డోసు మీరే మార్చకండి.

డోసు సరిచేశాక చిన్నాయన కుదుటపడ్డాడు. ఆరోజు తిట్టినందుకు తప్పైందన్నాను. "నీకేమెరుక కొడుకా" అన్నాడు. నిజమే. కానీ ఎరుకున్నవాళ్ళైనా చెప్పాలి కదా..