రెండో డాక్టరు

కథానాయకుణ్ణి వదిలిపెట్టి రెండోవాడి మీద అభిమానం పెంచుకోవడం ఒక జబ్బట. ఇంటర్మీడియట్ చదివే మా అమ్మాయి ఈ సంగతి తేల్చింది. కొరియా సీరియళ్లు చూసేవాళ్లు దానికి ‘సెకండ్ లీడ్ సిండ్రోమ్’ అని పేరు కూడా పెట్టుకున్నారట. పేరంటూ పెట్టాక జబ్బు కాదని ఎలా అనగలం? ఎమ్మిగనూరులో మా ఇంట్లో అది ముగ్గురికి సోకింది. నాకు, అమ్మాయికి, మా అత్తగారికి. మావారు ఒక్కరే ఆరోగ్యంగా ఉన్నారు. ఆయన సీరియళ్లు చూడరు.

జబ్బు అంటించిన సీరియలు పేరు ‘డాక్టర్స్’. 2016లో కొరియాలోని ఎస్.బి.ఎస్. టెలివిజన్‌లో 20 భాగాలుగా వచ్చింది. హే-జంగ్ అనే మొండిపిల్ల అవ్వ దగ్గర పెరుగుతుంది. ఆ అవ్వ ఆపరేషను బల్ల మీదే కన్నుమూస్తుంది. పిల్ల పట్టుబట్టి డాక్టరవుతుంది. ఆమెకు ఒకప్పుడు దారి చూపిన మాస్టారు 13 ఏళ్ల తరువాత అదే ఆసుపత్రిలో డాక్టరుగా ఎదురవుతాడు. ఆయనే కథానాయకుడు. కిమ్ రే-వన్ వేశాడు. నాయిక పార్క్ షిన్-హే.

ఇక రెండోవాడు యూన్-దో. మెదడుకు శస్త్రచికిత్స చేసే డాక్టరు. యూన్ క్యూన్-సాంగ్ అనే పొడుగాటి నటుడు వేశాడు. అతనూ హే-జంగ్‌ను ప్రేమిస్తాడు. ఆ మాట ఆమెతో చెబుతాడు. ఆమె కాదంటుంది. ఆ తరువాత కూడా అతను అదే ఆసుపత్రిలో ఆమెతో కలిసి పనిచేస్తాడు. పగబట్టడు, నిందలు వేయడు, అవసరం వచ్చినప్పుడు ఆమె పక్షాన నిలబడతాడు.

తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు మా అత్తగారికి రావు. మనవరాలు చెబుతుంటే వింటారు.

“కాదనెనా? మరి ఆ పిల్లోడు ఏం జేసినాడే?”

“ఏం చేయలేదవ్వా. సరే అన్నాడు.”

“అంతేనా?”

“అంతే.”

ఆవిడ కాసేపు ఆలోచించి, “మంచి తల్లి కడుపున పుట్టినాడులే” అన్నారు.

తెలుగు ఎమ్.ఏ. చదివిన పాపానికి నాకు ఇక్కడ లక్షణగ్రంథాలు గుర్తుకొస్తాయి. దశరూపకంలో ధనంజయుడు రెండోవాడికి పీఠమర్దుడని పేరు పెట్టాడు. రామకథలో సుగ్రీవుడి వంటివాడన్నమాట. గుణాల్లో నాయకుడి కన్నా కొంచెం తక్కువగా ఉండాలట. ఆ ‘కొంచెం తక్కువ’ దగ్గరే నాకు పేచీ. నాయిక సరేనన్న మగవాడు మంచిగా ఉండటంలో విశేషమేముంది? కాదనిపించుకున్న మర్నాడు కదా మనిషి బయటపడేది!

మనకూ ఒక డాక్టరు కథ ఉంది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నవల ఆధారంగా 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘డాక్టర్ చక్రవర్తి’. అక్కినేని డాక్టరు. సావిత్రిని చెల్లెలిగా చూసుకుంటాడు. అందులో రెండోవాడు జగ్గయ్య, ఆమె భర్త. అతన్ని అనుమానం తినేస్తుంది. తనకు ఇల్లాలైన మనిషినే నమ్మలేకపోయాడు అతను. తనను కాదన్న మనిషిని గౌరవించాడు కొరియా డాక్టరు. ఇద్దరూ రెండోవాళ్లే, ఎంత తేడా!

ఇదంతా కాలక్షేపమే కదా అని మీరు అనవచ్చు. నేను ఆదోనిలో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతాను. కోసిగి, పెద్దకడుబూరు వైపు పల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడు ఇళ్లకు తాళాలు పడతాయి. జనం గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతారు. అలాంటి ఇళ్లనుంచి ఒక ఆడపిల్ల డిగ్రీ దాకా రావడమే గొప్ప. ఆ పిల్ల వెంట ఒక కుర్రవాడు బస్సులో పడితే, ఇంట్లోవాళ్లు ముందు చేసే పని ఆమె చదువు మాన్పించడం. నిరుడు మా తరగతిలో ఒక అమ్మాయి నెలరోజులు రాలేదు. కారణం అదే. ఆమె వద్దన్నది, అతను వినలేదు. తండ్రితో మాట్లాడి తిరిగి రప్పించేసరికి మాకు తలప్రాణం తోకకొచ్చింది.

ఒకరోజు తరగతిలో కొరియా డాక్టరు సంగతి చెప్పాను. వెనక బల్ల మీది అబ్బాయి లేచి, “కాదంటే వదిలేసేవాడు హీరో ఎట్లయితాడు మేడమ్?” అన్నాడు. అందరూ నవ్వారు.

“కాకపోతే పోనీ. ఆ అమ్మాయి మూడో సంవత్సరం పరీక్ష రాస్తుంది కదా” అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ముందు వరుసలో ఆడపిల్లలు నోటు పుస్తకాల్లోకి తల వంచారు. ఆ అబ్బాయి కూర్చున్నాడు. అతను ఒప్పుకున్నాడని చెప్పను గాని, ఆలోచిస్తున్నట్టే కనిపించాడు.

మా అమ్మాయికి సంబంధాలు చూసే రోజు ఇంకా చాలా దూరం. వచ్చినప్పుడు జీతం, పొలం, ఇల్లూ వాకిలీ మావారు విచారించుకుంటారు. నేను మాత్రం ఒక్కటే వాకబు చేస్తాను. ఆ అబ్బాయిని ఎవరైనా, ఎప్పుడైనా కాదన్నారా? అంటే, మర్నాడు అతను ఏం చేశాడు?