నూరు కిలోమీటర్ల సైకిలు

షాద్‌నగర్ నుంచి మహబూబ్‌నగర్‌లోని మా అక్కగారింటికి సుమారు 50 కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరి, అక్క చేసిన జొన్నరొట్టె తిని, చీకటి పడకముందే సైకిలు మీద తిరిగి రావాలన్నది నా సంకల్పం. బస్సులుండగా ఈ తపస్సెందుకని ఇంట్లోవాళ్ళ ప్రశ్న. యాభై దాటిన మోకాళ్ళు ఇంకా నా మాట వింటాయో లేదో తేల్చుకోవాలని నా పట్టుదల. ఇక తేలవలసింది వాహనమే.

దుకాణంలో మొదట చూపేది మెత్తటి జెల్ సీటూ, ముందు ఫోర్కులో స్ప్రింగులూ ఉన్న బండి. వీధి చివరిదాకా తొక్కితే పల్లకీలా ఉంటుంది. కానీ మెత్తదనం వేరు, సౌఖ్యం వేరు. కూర్చున్నప్పుడు మన బరువు మోయవలసినవి పిరుదుల అడుగునున్న రెండు ఎముకలు. సీటు మరీ మెత్తనైతే అవి అందులో దిగబడి, మధ్యనున్న నరాల మీద ఒత్తిడి పడుతుంది. ఆ సంగతి ముప్ఫయ్యో కిలోమీటరు దాకా బయటపడదు! స్ప్రింగుల ఫోర్కు బరువు పెంచి, మన శక్తిలో కొంత తానే మింగుతుంది. తారురోడ్డు కుదుపులకు 35 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరు చాలు, అందులోనూ గాలి మరీ బిగించి కొట్టకపోతే.

మరి మనమంతా కైంచి తొక్కి నేర్చుకున్న ఆ నల్ల సైకిలో? పాలక్యాన్లు మోసిన ఆ బండిని తీసిపారేయలేం. పొడవాటి చట్రం, ఏటవాలు ఫోర్కు, నిటారుగా కూర్చోబెట్టే హ్యాండిలు, అన్నీ నడుముకు హితమైనవే. అయితే దాదాపు 20 కిలోల బరువు, ఒకటే గేరు. మహబూబ్‌నగర్ మాకు నైరుతి దిక్కున ఉంది. వానాకాలపు గాలీ అటునుంచే వీస్తుంది. బాలానగర్ దాటాక ఎగుడు దారిలో నిటారుగా కూర్చున్నవాడి ఛాతీ తెరచాపే.

అన్నిటికన్నా ముఖ్యం కొలత. మడమ పెడలు మీద ఉంచి కిందికి తొక్కితే కాలు పూర్తిగా చాపుకోవాలి. సీటు అంతకన్నా తగ్గితే మోకాలి ముందుభాగం నొప్పెడుతుంది. తిన్నని హ్యాండిలుకు చేతులు పెట్టే చోటు ఒక్కటే. గంటలకొద్దీ అలాగే ఉంటే చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంది. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో ముగించవలసిన బ్రెవే సవారీల్లో చాలామంది వంకీ హ్యాండిలు వాడేది వేగం కోసమే కాదు, చేతులు మార్చుకునే వీలు కోసం కూడా.

చివరికి నేను తెచ్చుకున్నది స్ప్రింగుల్లేని ఫోర్కు, 35 టైర్లు, గట్టి సీటు, ఎగుళ్ళకు చిన్న గేర్లు ఉన్న బండి. తిన్నని హ్యాండిలు చివర్లకు కొమ్ములు బిగించాను. ట్యూబులు మాత్రం మోటారుసైకిలు తరహా వాల్వున్నవే అడిగి వేయించుకున్నాను. సన్న వాల్వయితే అడాప్టరు వెంట ఉండాలి. ఇదైతే జడ్చర్ల దాకా ఏ పంక్చరు దుకాణంలోనైనా గాలి పడుతుంది.