నాన్న ఫోను ఏ క్యూలో ఉంది?

రౌటర్ అడ్మిన్ పేజీలో క్యూఓఎస్ అనే ట్యాబ్ కనిపిస్తే చాలు, నాలాంటివాళ్ళకి చేతులు ఊరుకోవు. ఊరుకోక ఒకసారి మా ఇంట్లో నేను చేసిన నిర్వాకం ఇది.

2020 లాక్‌డౌన్ రోజులు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, లాప్‌టాప్ సంచీలో వేసుకుని తెనాలి వచ్చి పడ్డాను. ఇంట్లో కేబుల్ నెట్. డౌన్‌లోడ్ 20 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 2. అమ్మ చూసే సీరియళ్ళకి అది ఎక్కువే. కానీ ఇప్పుడు నా ఆఫీసు కాల్స్, చెల్లి బీటెక్ క్లాసులు, వాటి మీద నాన్న ఆన్‌లైన్ పాఠాలు. నాన్న ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. ఫోనుని పుస్తకాల దొంతరకి ఆనించి, గోడకి తగిలించిన బోర్డు మీద చెప్పేవారు.

ఒకరోజు మీటింగులో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించిందట. "నీ నెట్ సంగతి ముందు చూసుకో" అన్నాడు మేనేజరు. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఆ మాట ఎలా తగులుతుందో మీకు తెలియంది కాదు.

ఆ రాత్రే ట్యాబ్ తెరిచాను. అప్‌లోడ్ పరిమితి 1.8 పెట్టాను. లైను కన్నా కాస్త తక్కువ పెడితేనే క్యూ మోడెంలో కాకుండా మన రౌటర్లో తయారవుతుంది, మన పాలసీ పనిచేస్తుంది. అంతవరకూ సరిగ్గానే చేశాను. తర్వాత పరికరాల పట్టీ. నా లాప్‌టాప్ 'హైయెస్ట్'. చెల్లిది 'మీడియం'. ఫోన్లన్నీ 'లోయెస్ట్'. ఫోన్లలో ఏముంటుంది, వాట్సాప్ వీడియోలేగా! సేవ్ కొట్టి పడుకున్నాను. మర్నాటి నుంచి నా కాల్స్ గంట కొట్టినట్టు ఉన్నాయి. నా భుజం నేనే తట్టుకున్నాను.

వారం తర్వాత మిట్టమధ్యాహ్నం బట్టలు తేవడానికి డాబా ఎక్కితే, నీళ్ళ ట్యాంకు పక్కన బెత్తెడు నీడలో నాన్న. తలకి తువ్వాలు. ఒక చేతిలో ఫోను, ఒళ్ళో నోటుపుస్తకం. మొబైల్ డేటా మీద ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ చెప్తున్నారు.

"కింద చెప్పుకోవచ్చుగా నాన్నా?"

"పిల్లలకి వినపడట్లేదంటున్నార్రా. ఫోను పాతదైపోయింది. ఇక్కడైతే పర్లేదు. నీ ఆఫీసు కాల్స్‌కి కూడా అడ్డం ఉండదు."

చెల్లి చేత అప్పటికే ఎనిమిది వేలు పెట్టి కొత్త ఫోను ఆర్డర్ పెట్టించారట. ఆ నెల స్కూలువాళ్ళు ఇచ్చింది సగం జీతం.

జరిగిందేమిటంటే... వైఫైలో గాలికి ఒక పద్ధతి ఉంది. 2005లో వచ్చిన 802.11ఈ ప్రకారం వాయిస్, వీడియో, మామూలు, బ్యాక్‌గ్రౌండ్ అని నాలుగు తరగతులు. పై తరగతివాడు మాట్లాడే ముందు తక్కువసేపు ఆగుతాడు, అంతే. (ఇందులోనూ తమాషాలున్నాయి. వాయిస్ ప్యాకెట్ మీద ఉండే డీఎస్‌సీపీ 46 ముద్రలో మొదటి మూడు బిట్లే చూసి, దాన్ని వీడియో క్యూలో పడేసే యాక్సెస్ పాయింట్లు బోలెడు. అలా చెయ్యకండి అని 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8325 రాయాల్సొచ్చింది.) ఫోను నుంచి పైకొచ్చే ప్యాకెట్ ఏ తరగతో ఫోనే నిర్ణయిస్తుంది. కాబట్టి నాన్న గొంతు గాల్లో బాగానే వచ్చేది. రౌటర్ దాటి బయటికెళ్ళే ఆ చిన్న గుమ్మం దగ్గర మాత్రం నేను పెట్టిన కాపలావాడు ఆపేసేవాడు.

తిరుమలలో సర్వదర్శనం ఉంది, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం ఉంది, వీఐపీ బ్రేక్ ఉంది. ఎన్ని లైన్లు పెట్టినా గర్భగుడి గుమ్మం వెడల్పు పెరగదు కదా. బ్రేక్ వదిలినప్పుడల్లా కంపార్ట్‌మెంట్లో కూర్చున్నాయన ఇంకాసేపు కూర్చోవాలి. అక్కడ వీఐపీలని తిట్టుకునే నేను, ఇంట్లో మాత్రం నాకు నేనే బ్రేక్ టికెట్ రాసుకున్నాను :)

ఆ రాత్రే ప్రయారిటీలన్నీ తీసేశాను. రౌటర్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించి కేక్ అనే షెడ్యూలర్ పెట్టాను. ఒక్కో పరికరానికీ సమానంగా వాటా వచ్చేట్టు దాన్ని సెట్ చెయ్యొచ్చు. మీటింగుల్లో నా కెమెరా ఆపేశాను. నిజం చెప్పాలంటే, అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది అదే. తల కనిపించకపోతే మేనేజరుకి వచ్చిన నష్టమేమీ లేదు.

నాన్నకి మాత్రం చెప్పలేదు. రెండ్రోజుల్లో కొత్త ఫోను వచ్చింది. కిందే కూర్చుని క్లాసు చెప్పి, "చూశావా, ఫోనులోనే ఉంది లోపం" అన్నారు. ఊఁ కొట్టాను.

మొన్న ఫైబర్ వేయించి కొత్త యాక్సెస్ పాయింట్ బిగిస్తుంటే, క్యూఓఎస్ పేజీ చూసి ఇక ఆగలేక మొత్తం చెప్పేశాను. ఆ ఎనిమిది వేలూ ఇస్తానంటే వద్దన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అయితే ఆ పాత ఫోను మంచిదేనన్నమాట" అని లేచి, బీరువా అడుగు నుంచి దాన్ని తీసి తుడిచి, ఛార్జింగ్ పెట్టారు.