తగ్గిందనుకున్న గడ్డ

మా లాబ్రడార్ బ్రూనోకి ఎనిమిదో ఏట పక్కటెముకల మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. సికింద్రాబాదు మారేడుపల్లిలో మేం చూపించే డాక్టరుగారు సన్నటి సూదితో లోపలిది కాస్త లాగి, స్లైడు మీద పరిచి పరీక్షించి, "ఒట్టి కొవ్వు గడ్డండీ. ఈ జాతికి మామూలే. పెరిగితే తీసుకురండి" అన్నారు. ఆ చల్లటి కబురే తర్వాత నా కొంప ముంచింది.

మరుసటి వేసవిలో వెనక తొడ మీద ఇంకోటి, బఠాణీ గింజంతది. మొదట గోమారి అనుకున్నాను. పీకబోతే చర్మమే లేచొచ్చింది. సరే, ఇదీ కొవ్వేనని తేల్చేశాను. మా ఆవిడ చూపిద్దామంటే "మొన్ననే చూపించాం కదా" అని కొట్టిపారేసి, పసుపు, వేపనూనె కలిపి పట్టించాను. కొన్నాళ్లకే సగానికి తగ్గింది! పార్కులో కుక్కలతో వచ్చేవాళ్లకు ఈ వైద్యం చెప్పాను కూడా. అది మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది. గడ్డ మళ్లీ ఉబ్బి ఎర్రబడింది, మళ్లీ తగ్గింది. బ్రూనో దాన్ని నాకడం మానలేదు. అప్పుడప్పుడూ వాంతి చేసుకుంటే ఎండలు కదా అనుకున్నాం.

చివరికి సూది పెడితే తేలింది, మాస్ట్ సెల్ ట్యూమర్. కుక్కల చర్మానికి తరచుగా వచ్చే క్యాన్సర్లలో ఒకటి. ఆ కణాల నిండా హిస్టమిన్ ఉంటుంది. అది బయటపడినప్పుడల్లా గడ్డ వాస్తుంది, తర్వాత దానంతటదే అణుగుతుంది. నేను పసుపు మహిమ అనుకున్నది అసలు జబ్బు లక్షణమే. రోజూ నొక్కి చూసి నేనే దాన్ని రెచ్చగొట్టాను. ఆ హిస్టమినే పొట్టలో ఆమ్లం పెంచి వాంతులు, నల్లటి విరేచనాలు తెప్పించగలదు.

ఈ ట్యూమర్‌ని తీసేటప్పుడు చుట్టూ బాగానే కనిపించే చర్మాన్నీ వెడల్పుగా కోయాలి. గింజంత ఉన్నప్పుడైతే చిన్న కోత. నా ఆలస్యానికి తొడ మీద కుట్టడానికి చర్మం చాలక డాక్టరుగారు అవస్థ పడ్డారు.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపును మైక్రోస్కోపు కింద పెట్టి మలేరియా గుట్టు పట్టింది ఈ సికింద్రాబాదులోనే. అదే ఊళ్లో ఉంటూ నేను బొటనవేలితో నొక్కి రోగం తేల్చాను!

ప్రతి బొడిపెకూ బెంబేలెత్తనక్కర్లేదు. కుక్కపిల్లల నోట్లో పులిపిర్లు చాలావరకు వాటంతటవే రాలిపోతాయి. కానీ ఆ మాట డాక్టరు చెప్పాలి. బఠాణీ గింజను మించినా, నెల దాటినా, రంగు మారినా, పుండై రక్తం కారినా సూది పరీక్ష చేయించాల్సిందే. దానికి చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు. పాత గడ్డ మంచిదని తేలితే కొత్తదీ మంచిదే అవ్వాలని లేదు. ఆడకుక్క రొమ్ముల్లో గడ్డ తగిలితే అసలు ఆగొద్దు. వాటిలో దాదాపు సగం క్యాన్సర్లే. మొదటి ఎదకు ముందే గర్భసంచి ఆపరేషన్ చేయిస్తే ఆ ముప్పు దాదాపు ఉండదు. మీ వీధికుక్కకు మూత్రం పోసేచోట రక్తమోడే గడ్డ కనిపించినా వదిలేయకండి. అది జతకట్టినప్పుడు అంటుకునే ట్యూమర్ కావచ్చు. వారానికోసారి ఇచ్చే విన్‌క్రిస్టీన్ ఇంజెక్షన్లతో చాలావరకు నయమవుతుంది.

బ్రూనో బతికాడు. మీరు మాత్రం ఈ ఆదివారం స్నానం చేయించేటప్పుడు మీ కుక్కను తల నుంచి తోక దాకా తడిమి చూడండి. ఏదైనా తగిలితే నొక్కకండి, నూనెలు రాయకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, తేదీ రాసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.