కాలయంత్రము - ప్రేక్షకజనము

మన నెల్లూరు సీమవారగు సింగీతం శ్రీనివాసరావుగారి "ఆదిత్య 369" చలనచిత్రము 1991లో వెలువడినది. ఆంగ్ల రచయిత వెల్సు 1895లో ప్రకటించిన కాలయంత్రకథ దీనికి ప్రేరణము. నాయకుడు యంత్రమెక్కి 1526వ యేట రాయలవారి కొలువునకును, పిదప 2504వ సంవత్సరమునకును బోవును.

2025 ఏప్రిల్‌లో దానిని మరల ప్రదర్శించినపుడు సముద్రపుటొడ్డునుండి నెల్లూరికి మేమును బోయితిమి. చిత్రముకంటె జనమే మాకు వింతయయ్యెను! రాయలవారు కానవచ్చినంతనే చించిన కాగితములు పూలవానవలె గురిసినవి. నడివయస్సువారు తెరకంటె ముందే సంభాషణలు పలుకుచుండిరి. యంత్రము గిరగిర దిరుగగా పడుచువారు పకపక నవ్విరి. "ఆ రోజుల్లో ఇదే గొప్ప, మీకేం తెలుసు!" అని యొక పెద్దమనిషి గద్దించెను. మాకా గద్దింపు నచ్చలేదు. తెనాలి రామకృష్ణుడున్న కొలువులో నవ్వునకు నిషేధమా?

కాలము దాటి వచ్చినవారి కథ మన భాగవతమునను గలదు. కకుద్మి తన కూతురు రేవతికి దగిన వరుని నడుగ బ్రహ్మలోకమునకు బోయి, అచట గానము ముగియువరకు క్షణమాత్రము నిలిచెను. అంతలో భూమిపై 27 మహాయుగములు గడచినవట. తిరిగివచ్చి ఆమెను బలరామునకిచ్చి తాను తపస్సునకు బోయెను. తన యీడు చెలులలో నొక్కతెయు మిగులని యా పిల్ల యేమనుకొన్నదో?

మా అత్తగారు 1991లో క్రొత్తకోడలుగా నీ చిత్రమును జూచిరి. మామగారిప్పుడు లేరు. ఆమె చప్పట్లు కొట్టలేదు, నవ్వలేదు. తిరుగు బస్సులో మాత్రము, "ఆ పొద్దు మీ మామ పక్కన కూర్చొని అంతా విడమరచి చెబుతానే ఉన్నారు. బొమ్మ కుదురుగా చూసింది ఈ పొద్దే" అనిరి.