మంచు పడని ఊళ్లో మంచుకొండ

భావనపాడులో కాళ్లకింద ఇసుకే, మంచు ఎన్నడూ పడదు. అయినా ఎండాకాలం మధ్యాహ్నాలు ఓ ఇంట్లో గుంటలు తలుపులు మూసుకుని మంచుకొండ మీంచి దూకుతున్నారు, పాత ప్లేస్టేషన్ 2లో.

ఆట పేరు ఎస్‌ఎస్‌ఎక్స్ ట్రిక్కీ. 2001లో ఈఏ కంపెనీ తెచ్చిన ఆట, పలక మీద నిలబడి మంచులో జారే స్నోబోర్డింగ్‌ది. నిజమైన స్నోబోర్డింగ్‌లో మనిషి గాల్లో అంతసేపు ఉండలేడు, ఇందులో ఉంటాడు. అదే దీని అందం. ఎక్స్ బటన్ నొక్కిపట్టి సరిగ్గా దిబ్బ అంచున వదలాలి. పైకి లేచాక ఎల్1 నొక్కితే ఆటలోని మనిషి వంగి బోర్డు పట్టుకుంటాడు. ఫీటు పూర్తికాకుండా నేల తగిలిందా, బోర్లా పడ్డట్టే. నిలదొక్కుకుంటే వేగం పెంచే బూస్ట్ నిండుతుంది.

2003 నాటి ఎస్‌ఎస్‌ఎక్స్ 3 ఇంకా గొప్పది. కొండ ఒకటే, శిఖరాలు మూడు. పైనుంచి కిందిదాకా ఆగకుండా జారుకుంటూ రావచ్చు, దాదాపు అరగంట. ఆ అరగంటా కరెంటు పోకూడదని అందరూ మొక్కుకుంటారు.